సౌతాల్‌కు వచ్చిన మాస్టారు

1979 ఏప్రిల్ 24. అర్ధరాత్రి దాటి 10 నిమిషాలైంది. పశ్చిమ లండన్‌లోని ఈలింగ్ ఆసుపత్రిలో బ్లెయిర్ పీచ్ అనే 33 ఏళ్ల బడిపంతులు కన్నుమూశాడు. కొన్ని గంటల ముందు తలమీద పడిన ఒక్క దెబ్బ ఆయన ప్రాణం తీసింది. కొట్టింది పోలీసు. ఏ పోలీసో ఈనాటికీ ఏ న్యాయస్థానమూ తేల్చలేదు.

ముగింపు ముందే చెప్పేశాను. దాచిపెట్టి ఊరించే కథ కాదిది. పల్నాటి వీరుల కథ వినడానికి కూర్చున్నవాళ్లకు బాలచంద్రుడు కారెంపూడి నుంచి తిరిగి రాడని తెలుసు. తెలిసే కూర్చుంటారు. అయినా మాంచాల అతన్ని సాగనంపే చోటికి కథ వచ్చేసరికి గొంతు పూడుకుపోతుంది. ఈ ఒక్కసారికి ఆగిపోరాదా నాయనా అని లోలోపల వేడుకుంటారు. బ్లెయిర్ పీచ్ కథ చదివినప్పుడల్లా నాకూ అలాగే ఉంటుంది. ఆగడానికి ఎన్ని చోట్లున్నాయో! ఒక్క చోటా ఆగలేదు.

ఆయన లండన్‌వాడు కాదు, ఇంగ్లండువాడే కాదు. న్యూజిలాండ్‌లోని నేపియర్ అనే సముద్రతీర పట్టణంలో 1946 మార్చి 25న పుట్టాడు. 1931 భూకంపంలో కూలిపోయి, మళ్లీ లేపుకున్న ఊరది. 1969లో లండన్‌కు వచ్చి, తూర్పు పేటలో బో అనే చోట ఫీనిక్స్ స్కూల్లో పంతులుగా కుదిరాడు. మామూలు బళ్లలో నెగ్గుకురాలేని పిల్లలకోసం నడిచే ప్రత్యేక పాఠశాల అది. అలాంటి పిల్లల దగ్గర పదేళ్లపాటు నిలిచినవాడి ఓర్పు ఎంతటిదో మనం ఊహించుకోవచ్చు. ఉపాధ్యాయ సంఘం తూర్పు లండన్ శాఖకు అధ్యక్షుడయ్యాడు. సోషలిస్టు. యాంటీ నాజీ లీగ్ కార్యకర్త.

కార్యకర్త అనగానే మనకు వేదికలూ మైకులూ గుర్తొస్తాయి. ఆయన చేసింది అలాంటి పని కాదు. పేటలో ఒక పబ్బు నల్లవాళ్లకు మద్యం పోయనంటే, ఎందుకు పోయవని నిలదీశాడు. ఆ పాపానికి 1974లో అరెస్టయి, కోర్టుకెక్కి, నిర్దోషిగా బయటపడ్డాడు. బ్రిక్ లేన్ చుట్టుపక్కల, బంగ్లాదేశీ కుటుంబాల మధ్య నేషనల్ ఫ్రంట్ అనే పార్టీ అడ్డా వేసుకుంటే, దాన్ని మూయించడానికి జరిగిన ప్రచారంలో కలిశాడు. కరపత్రాలు పంచడం, తలుపులు తట్టడం, సంతకాలు అడగడం, సాయంత్రం సమావేశానికి కుర్చీలు సర్దడం, తెల్లవారితే మళ్లీ బడికి పోవడం: ఫాసిజాన్ని వీధి స్థాయిలో ఎదుర్కోవడమంటే అచ్చంగా ఇదే. చేసేవాళ్ల పేర్లు చరిత్రకెక్కవు. ఆయన పేరు ఎక్కింది. ఎక్కకుండా ఉంటే ఎంత బాగుండేది!

ఆ రోజులెలాంటివో కాస్త చెప్పాలి. నేషనల్ ఫ్రంట్ 1967లో పుట్టింది. నల్లవాళ్లనూ ఆసియావాళ్లనూ దేశంనుంచి తిప్పి పంపాలన్నది ఆ పార్టీ పలుకు. ఆ పలుకు వీధిలోకి దిగేసరికి కత్తిగా మారింది. 1976 జూన్ 4న సౌతాల్‌లో, డొమినియన్ సినిమా హాలు ఎదుట, గుర్దీప్ సింగ్ చగ్గర్ అనే 18 ఏళ్ల కుర్రాణ్ణి పొడిచి చంపారు. 1978 మే 4న, స్థానిక ఎన్నికల రోజు సాయంత్రం, వైట్‌చాపెల్‌లో పని ముగించుకుని ఇంటికి పోతున్న అల్తాబ్ అలీ అనే బట్టల కార్మికుణ్ణి చంపారు. ఆయన శవపేటిక వెనక 7,000 మంది ప్రధాని ఇంటిదాకా నడిచారు. తూర్పు లండన్‌లో పని చేస్తున్న మాస్టారికి ఈ చావులు పత్రికలో చదివి మడిచేసే వార్తలు కావు. తన పేటలో, తను నడిచే దారుల్లో జరిగినవి.

ఇక సౌతాల్. ఇప్పుడు హీత్రూలో దిగే మన తెలుగు పిల్లలు ఎందరో, పచ్చిమిరపకాయలకో పప్పులకో ఆ ఊరికి పోతుంటారు. విమానాశ్రయానికి కూతవేటు దూరం. రెండో ప్రపంచయుద్ధం తర్వాత పంజాబు పల్లెలనుంచి వచ్చినవాళ్లు, వుల్ఫ్ రబ్బరు ఫ్యాక్టరీ పొగలోనూ హీత్రూ రాత్రి షిఫ్టుల్లోనూ ఒళ్లు అరగదీసుకుని లేపిన ఊరది. గురుద్వారాలు కట్టుకున్నారు. ఇండియన్ వర్కర్స్ అసోసియేషన్ పెట్టుకున్నారు. డొమినియన్ హాలును తమ సంఘంకోసం కొనుక్కున్నారు. అలాంటి ఊరి నడిబొడ్డున, టౌన్ హాల్లో, ఏప్రిల్ 23న ఎన్నికల సభ పెడతానంది నేషనల్ ఫ్రంట్. ఆ రోజు సెయింట్ జార్జ్ పండుగ. పార్లమెంటు ఎన్నికలు మే 3న. ఆ సౌతాల్‌లో వాళ్లకు ఓట్లు రాలవు. రాలవని వాళ్లకూ తెలుసు. వచ్చింది ఓట్లకోసం కాదు, మీ ఇంటి నడవాలో నిలబడి మిమ్మల్ని పొమ్మంటామని చూపించడానికి.

ఆగడానికి మొదటి చోటు ఇదే. హాలు ఈలింగ్ కౌన్సిల్‌ది. ఇవ్వబోమని ఒక్క మాట అంటే సరిపోయేది. అభ్యర్థి అడిగితే ప్రజా సభకు హాలు ఇచ్చి తీరాలని ఎన్నికల చట్టం చెబుతోందని కౌన్సిల్ చట్టం వెనక నిలబడింది. ప్రజా సభ అన్న మాట నా మనసులో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంటుంది. ఆ సాయంత్రం ఆ సభలోకి సౌతాల్ ప్రజలకు దాదాపు ప్రవేశమే లేకపోయింది.

ఆ ఊరివాళ్లు మాత్రం పెద్దమనుషులు నేర్పే మర్యాదలన్నీ పాటించారు. అన్ని సంఘాలూ కలిసి కూర్చున్నాయి. 10,000 మంది సంతకాలు చేసిన విన్నపం కౌన్సిల్‌కు అందింది. ఏప్రిల్ 22 ఆదివారం 5,000 మంది సౌతాల్‌నుంచి ఈలింగ్ టౌన్ హాలుదాకా శాంతంగా నడిచారు. పిల్లల చేతులు పట్టుకుని వచ్చినవాళ్లున్నారు, తలపాగాలు సవరించుకుంటూ వచ్చిన ముసలివాళ్లున్నారు. ఆ నడకకైనా జవాబు వచ్చి ఉంటే! లండన్ పోలీసు వ్యవహారాలు హోంమంత్రి చేతిలో ఉండేవి. అప్పటి హోంమంత్రి మెర్లిన్ రీస్. అక్కణ్ణుంచీ సభ ఆపే మాట రాలేదు.

అప్పటికి ఐదేళ్ల కిందటే ఒక హెచ్చరిక వచ్చి పోయింది. 1974 జూన్ 15న లండన్ నడిబొడ్డున రెడ్ లయన్ స్క్వేర్‌లో, ఇదే నేషనల్ ఫ్రంట్‌కు ఎదురుగా జరిగిన ప్రదర్శనలో, కెవిన్ గేట్లీ అనే 20 ఏళ్ల విద్యార్థి తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. లార్డ్ స్కార్మన్ విచారణ జరిపాడు, నివేదిక ఇచ్చాడు. పోలీసుల మీద పెద్దగా తప్పు మోపలేదు. వాళ్లు జనాన్ని తరిమే పద్ధతి ఏమీ మారలేదు. మారి ఉంటే గేట్లీ ఇంటి దుఃఖం ఇంకొక ఇంటిని కాపాడి ఉండేది కదా అనిపిస్తుంది.

సోమవారం, ఏప్రిల్ 23. మధ్యాహ్నానికల్లా సౌతాల్ దుకాణాలు మూతపడ్డాయి. పనిలోకి వెళ్లినవాళ్లు ముందే వచ్చేశారు. సాయంత్రం 5 గంటలకు టౌన్ హాలు ముందు రోడ్డుమీద కూర్చోవాలి, కూర్చుని నిరసన తెలపాలి. అంతే ఏర్పాటు. ఆ తరం పంజాబీలకు బైఠాయింపు కొత్త కాదు, స్వాతంత్ర్యోద్యమంలో తండ్రులు కూర్చోగా చూసినవాళ్లు. కూర్చోనిచ్చి ఉంటే ఏమయ్యేది? రెండు మూడు గంటలు పాటలు పాడుకుని, నినాదాలిచ్చి, రోటీల వేళకు ఇళ్లకు చేరేవాళ్లు. నేనీ మాట తేలిగ్గా అనడం లేదు. అప్పటిదాకా వాళ్లు చేసిన ప్రతి పనీ అలాగే ముగిసింది.

కూర్చోవడానికి చోటే లేకుండా చేశారు. 2,700 మందికి పైగా పోలీసులు దిగారు. గుర్రాలమీద కొందరు, వ్యాన్లలో కొందరు. నాలుగు దారులూ కలిసే చోటంతా వలయం కట్టి మూసేశారు. ఇటు 3,000 మంది జనం. అటువైపు ఇల్లున్నవాడు ఇంటికి పోలేడు, ఇటువైపు చిక్కినవాడు బయటికి రాలేడు. తమ సొంత ఊళ్లో, తమ సొంత వీధి చివర, నీ దారి ఇటు కాదని గదమాయిస్తుంటే ఎవరి రక్తమైనా మరుగుతుంది. రాళ్లు లేచాయి. లాఠీలు లేచాయి. పొద్దు వాలుతుండగా కొద్ది పదుల మంది నేషనల్ ఫ్రంట్ వాళ్లను పోలీసులు రక్షణ ఇచ్చి లోపలికి తీసుకెళ్లారు. మెట్లెక్కుతూ కొందరు నాజీ సలాం కొట్టారు. బాంబుల కింద తలదాచుకుంటూ హిట్లర్‌తో పోరాడిన నగరంలో ఆ సలాం చూడవలసి వచ్చింది.

పార్క్ వ్యూ రోడ్డులో ఒక ఇల్లుండేది. మిస్టీ ఇన్ రూట్స్ అనే రెగే బృందం, మరికొందరు యువకులు కలిసి నడుపుకునే చోటు. ఆ సాయంత్రం అక్కడే గాయపడ్డవాళ్లకు కట్లు కడుతున్నారు. పోలీసులు ఆ ఇంట్లోకీ చొరబడ్డారు. లోపలివాళ్లను కొట్టి బయటికి ఈడ్చారు. వాయిద్యాలు, సౌండ్ సామగ్రి పగలగొట్టారు. బృందం మేనేజర్ క్లారెన్స్ బేకర్ పుర్రె చిట్లింది. ఆయన చాలా రోజులు స్పృహ లేకుండా పడి ఉన్నాడు. బతికాడు. ఆ రాత్రి ఆ మాట చెప్పుకోగలిగిన కుటుంబమది.

ఇప్పుడు మాస్టారి దగ్గరికి రావాలి. కలం ముందుకు సాగనంటుంది గాని రాక తప్పదు.

ఆ సాయంత్రం నలుగురైదుగురు మిత్రులతో తూర్పు లండన్ నుంచి నగరమంతా దాటుకుని వచ్చాడు. పరాయి ఊరి కష్టానికి తోడుగా నిలబడటానికి వచ్చాడు. కాసేపు జనంలో ఉన్నారు. రాత్రి ఏడున్నర దాటేసరికి ఇక చేయగలిగిందేమీ లేదని తెలిసిపోయింది. వెళ్లిపోదామనుకున్నారు. వెనక్కి తిరిగారు కూడా. ఇంటికి బయలుదేరిన మనిషి ఆయన! ప్రధాన రోడ్డుమీద గోల ఎక్కువగా ఉంది, పక్క వీధిగుండా పోతే క్షేమమనిపించింది. బీచ్‌క్రాఫ్ట్ అవెన్యూలోకి మలుపు తిరిగారు. రెండు వైపులా చిన్న చిన్న ఇళ్లు, ముందు చిట్టి తోటలు. రోజూ పిల్లలు ఆడుకునే వీధి. ఇంకో నిమిషం ముందు నడిచి ఉంటే, ఇంకో వీధి పట్టి ఉంటే అని ఆ మిత్రులు ఎన్ని రాత్రులు అనుకుని ఉంటారో.

స్పెషల్ పెట్రోల్ గ్రూప్ అని లండన్ పోలీసుల్లో ప్రత్యేక దళం ఉండేది. మొండితనానికి పేరుపడ్డ దళం. వాళ్ల వ్యాన్లు ఆ వీధిలోకి దూసుకొచ్చి ఆగాయి. దిగినవాళ్లు దిగినట్టే జనంమీద పడ్డారు. బీచ్‌క్రాఫ్ట్ అవెన్యూ, ఆర్చర్డ్ అవెన్యూ కలిసే మూల దగ్గర మాస్టారి తలమీద దెబ్బ పడింది. ఇళ్లలోంచి, పెరళ్లలోంచి చూసినవాళ్లున్నారు. చూశామని తర్వాత సాక్ష్యం చెప్పారు. పడిన మనిషి లేచాడు, తడబడుతూ నాలుగడుగులు వేశాడు. దగ్గర్లోని ఒక సిక్కు కుటుంబం ఆయన్ని తమ ఇంట్లోకి తీసుకుంది. సోఫాలో కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారు. గ్లాసు పట్టుకోలేకపోయాడు. మాట స్పష్టంగా రాలేదు. ఎవరో ఎక్కడివాడో తెలియదు, పేరు తెలియదు. దెబ్బ తగిలిన బిడ్డ అనుకుని సేవ చేశారు. పుట్టిన గడ్డకు భూగోళం అవతలి కొసన, ఆఖరి స్పృహలో ఆయనకు దక్కిన మనుషులు వాళ్లు. ఆ మాత్రమైనా దక్కింది.

అంబులెన్స్ వచ్చింది. ఆసుపత్రిలో చూస్తే పుర్రె లోపల రక్తం గడ్డకట్టింది. పరిస్థితి దిగజారాక ఆపరేషన్ మొదలుపెట్టారు. నిలవలేదు.

తెల్లారేసరికి 340 మందికి పైగా సౌతాల్ వాళ్లమీద కేసులు నమోదవుతున్నాయి. ఆ కేసులు ఊరికి దూరంగా, బార్నెట్ కోర్టులో నడిపారు. కొడుకు కేసు వినడానికి తల్లి రెండు మూడు బస్సులు మారి పోవాలి. కొట్టినవాళ్లలో ఎవరిమీదా కేసు లేదు.

పది రోజుల తర్వాత ఎన్నికలు జరిగాయి. నేషనల్ ఫ్రంట్ 303 చోట్ల నిలబడింది, 303 చోట్లా డిపాజిట్ పోగొట్టుకుంది. ఆ తర్వాత ముక్కలైపోయింది. దానికి రక్షణగా 2,700 మంది పోలీసులను నిలిపి, ఒక ఊరిని కట్టడి చేసి, ఒక మాస్టారిని చంపుకున్నది ఇందుకు. కరపత్రాలు పంచినవాళ్లు, తలుపులు తట్టినవాళ్లు నిజానికి అప్పటికే గెలుస్తున్నారు. గెలిచే వేళ ఆయన లేడు.

దేహాన్ని ఏడు వారాలు ఖననం చేయలేదు. జూన్‌లో డొమినియన్ హాల్లో కడసారి చూపుకు ఉంచారు. చగ్గర్ ఏ హాలు ముందు పడిపోయాడో అదే హాలు. వరసకట్టి 8,000 మంది వచ్చారు, ఎక్కువమంది సిక్కులు. తమవాడు కాని తమవాణ్ణి చూసి, చేతులు జోడించి, కళ్లు తుడుచుకుంటూ వెళ్లారు. జూన్ 13న తూర్పు లండన్ శ్మశానంలో, ఆయన పాఠాలు చెప్పిన పేటకు దగ్గరగా, దాదాపు 10,000 మంది మధ్య ఖననం జరిగింది. ఆ పిల్లలు, మామూలు బడులు వద్దనుకున్న ఆ పిల్లలు, తమకు పాఠం చెప్పిన సారు ఎందుకు రాలేదని ఎవర్ని అడిగి ఉంటారు? వాళ్లకు ఎవరు ఏమని చెప్పి ఉంటారు?

చావు ఆగలేదు సరే, న్యాయమైనా ఆగకుండా ఉండవలసింది. కమాండర్ జాన్ కాస్ అనే పోలీసు అధికారి లోతుగానే దర్యాప్తు చేశాడు. స్పెషల్ పెట్రోల్ గ్రూప్ లాకర్లు వెతికితే అనుమతి లేని ఆయుధాలు బయటపడ్డాయి: కత్తులు, ఇనుప గడ్డపార, కొరడా, సీసం నింపిన కర్ర. ఒక అధికారి దగ్గర నాజీ చిహ్నాలు కూడా దొరికాయి. ఒకడు మీసం తీసేసి రూపు మార్చుకున్నాడు. యూనిఫాంలు ముందే ఉతికించి శుభ్రంగా వచ్చాయి. ఇంత జరిగినా ఒక్కరిమీదా నేరం మోపలేదు.

శవ విచారణలో కరోనర్ మొదట జ్యూరీనే వద్దన్నాడు. కుటుంబం అప్పీలు కోర్టుకెక్కి జ్యూరీని సాధించుకుంది. కాస్ నివేదిక కరోనర్ చేతిలో ఉంది, జ్యూరీకి గానీ కుటుంబం లాయర్లకు గానీ చూపలేదు. 1980 మే 27న తీర్పు వచ్చింది: దురదృష్టవశాత్తు జరిగిన మరణం. రెడ్ లయన్ స్క్వేర్ కుర్రాడి శవ విచారణలోనూ అదే తీర్పు. ఆ జ్యూరీ చేతికి ఆ నివేదిక వెళ్లి ఉంటే! ఈ కథలో నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధించే తలుపు అది. మిగతావి హడావిడిలో, కోపంలో, ఒక సాయంత్రపు గందరగోళంలో మూసుకుపోయాయి. దీన్ని తీరిగ్గా, కాగితాలు సర్దుకుని, తెలిసి మూశారు.

ఆయన సహచరి సీలియా స్టబ్స్ ఆ తలుపు ముందునుంచి కదల్లేదు. 1980ల చివర్లో పోలీసు శాఖ ఆయన సోదరుడికి 75,000 పౌండ్లిచ్చి రాజీ పడింది. తప్పు మాత్రం ఒప్పుకోలేదు. ఏళ్లు గడిచాయి. ఆమె జుట్టు తెల్లబడింది. ఆయన పేరుతో సౌతాల్‌లో ప్రాథమిక పాఠశాల నడుస్తోంది, పిల్లలు రోజూ ఆ పేరు పలుకుతున్నారు. 2009 ఏప్రిల్‌లో, మరో నిరసన రోజున, ఇంటికి నడిచి పోతున్న ఇయన్ టామ్లిన్సన్ అనే పత్రికల అమ్మకందారు, ఒక పోలీసు కొట్టి తోసేశాక చనిపోయాడు. అది చూసి ఆమె మళ్లీ అడిగింది. ఈసారి పోలీసు శాఖ దిగొచ్చింది. 2010 ఏప్రిల్ 27న, 31 ఏళ్ల తర్వాత, కాస్ నివేదిక వెలుగు చూసింది. కొట్టింది దాదాపు ఖాయంగా పోలీసేనని, ఒకే వ్యాన్‌లోంచి దిగిన ఆరుగురిలో ఒకరని అందులో ఉంది. ముగ్గురు అబద్ధాలు చెప్పి దర్యాప్తును పక్కదారి పట్టించారని కూడా ఉంది. పేర్లు నల్లసిరాతో కొట్టేసి ఉన్నాయి. నేరం మోపడం మాత్రం ఈసారీ జరగలేదు.

ఇంకొకటి కూడా బయటపడింది. బ్రిటన్‌లో రహస్య పోలీసులమీద జరుగుతున్న విచారణలో, సీలియా స్టబ్స్‌మీద ఏళ్ల తరబడి నిఘా పెట్టారని తేలింది. ఆమె చేసిన నేరం తన మనిషిని ఎవరు చంపారని అడగడం. ఆ ఖననానికీ మారువేషాల్లో పోలీసులు వెళ్లారు. వచ్చినవాళ్లెవరెవరో గమనించి నివేదికలు రాశారు. కన్నీళ్లతో వచ్చి, చేతిలోని పువ్వు వేసి వెళ్లినవాళ్ల పేర్లు అవి. ఆమె 2021లో ఆ విచారణ ముందు సాక్ష్యం చెప్పింది. 1980 నాటి తీర్పు ఇంకా రద్దు కాలేదు.